యంత్రమునకు పని చెప్పు విద్య

 

మన పల్లెలలో నేడు కంప్యూటరు పని చేయు బిడ్డలేని వీధి అరుదు. ఒకరి కుమారుడు హైదరాబాదులో, ఒకరి కోడలు బెంగుళూరులో, వేఱొకరి మనుమడు అమెరికాలోని డాలసు నగరములో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్నారు. బిడ్డలను ఆ చదువు చదివించుటకై పొలములమ్ముకొనిన తండ్రులును కలరు. 1998వ సంవత్సరమున హైదరాబాదులో సైబర్ టవర్సు భవనము తెఱవబడినది మొదలు నేటివఱకు, తెలుగు గృహస్థుల బ్రతుకును ఇంతగా మార్చిన వృత్తి మఱియొకటి నాకు కానరాదు. ఇప్పుడా బిడ్డలే సెలవులకు వచ్చి, తాము వ్రాయవలసిన ప్రోగ్రాములను యంత్రమే వ్రాసి యిచ్చుచున్నదని చెప్పుచున్నారు. వినిన పెద్దలు రెండు ప్రశ్నలు వేయుచున్నారు. యంత్రము తనకు తానే పని చెప్పుకొనుట యెట్లు? అట్లయినచో మన బిడ్డల గతి యేమి?

ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. వ్యాకరణము చదివి, బడిలో తెలుగు చెప్పినవానికి ఈ విషయముతో నేమి పనియని మీరడుగవచ్చును. యంత్రమునకు పని చెప్పుట తుదకు వాక్యరచనయే. సందేహమునకు తావులేకుండ వాక్యము వ్రాయుట యొకటి, వ్రాసినదానిని అక్షరమక్షరము పరీక్షించుట యొకటి. ఈ రెండును పండితుల పాతపనులే. ఆ చనవుతోనే మాటలాడుచున్నాను.

మొదట ప్రోగ్రాము అనగా నేమో చూతము. ఒక సహకార సంఘములోని గుమాస్తాతో, అరువది యేండ్లు దాటినవారి జాబితా వ్రాయుమని చెప్పితిమనుకొనుడు. నిన్ననే అరువది నిండిన రామయ్య పేరు వ్రాయవలెనా, మానవలెనా? గుమాస్తాకు సందేహము కలిగినచో మనలనడుగును. లేదా సంఘము వారి ఉద్దేశము నెఱిగినవాడు గనుక తానే నిర్ణయించుకొనును. యంత్రమట్లు చేయదు. వయస్సు 60కి మించినవారని వ్రాసినచో రామయ్యను విడిచిపెట్టును. 60 గాని అంతకు మించి గాని యున్నవారని వ్రాసినచో చేర్చుకొనును. ప్రోగ్రాములో ఈ రెంటికిని భేదము ఒక్క గుర్తు మాత్రమే. ఆ గుర్తు తప్పిపోయినచో రామయ్యవంటివారందఱును ఒక యేడు నష్టపోవుదురు. యంత్రము తప్పు చేసినదని మనమందుము. యంత్రము తనకు చెప్పిన పనినే చేసినది.

కంప్యూటరు తన లోపల నెఱిగినవి సున్న, ఒకటి యను రెండే గుర్తులు. తొలిదినములలో ఆజ్ఞలనన్నిటిని అంకెలలోనే వ్రాయవలసియుండెను. 1952 ప్రాంతమున గ్రేస్ హాపర్ అను అమెరికా గణితవిదుషి, ఆజ్ఞలను యంత్రమే కూర్చుకొనునట్టి ప్రోగ్రామును సిద్ధపఱచెను. 1957వ సంవత్సరమున జాన్ బేకస్ నాయకత్వమున ఐ.బి.ఎం. సంస్థవారు ఫోర్ట్రాన్ అను భాషను వెలువరించిరి. గణితసూత్రమువలె వ్రాసినచో, దానిని అంకెలలోనికి మార్చుకొనుభారము యంత్రముదే. ఒక విశేషము గమనింపుడు. ఆ భాషను గూర్చి 1954లో వెలువడిన తొలి నివేదికలోనే, ఇకమీద ప్రోగ్రాములు వ్రాయు శ్రమయు, తప్పులు దిద్దు శ్రమయు దాదాపుగా తొలగిపోవునని ఆశ వెలిబుచ్చిరి. జరిగినది వేఱు. వ్రాయుట సులభమైనకొలదిని వ్రాయించుకొనువారు పెరిగిరి, వ్రాయువారును పెరిగిరి. తప్పులు దిద్దుశ్రమ నేటికిని తొలగలేదు.

ఈ భాషల నిర్మాణము మన శాస్త్రములు చదివినవారికి కొత్తగా తోచదు. పాణిని సుమారు 4,000 సూత్రములతో సంస్కృతభాష నంతయు బంధించెను. సామాన్యసూత్రమును విశేషసూత్రము బాధించును. రెండు సూత్రములకు విరోధము వచ్చినప్పుడు ఏది నిలుచునో చెప్పుటకు వేఱొక సూత్రము కలదు. ఒక సూత్రములోని పదము తరువాతి సూత్రములలోనికి అనువర్తించును. ప్రోగ్రాము భాషల వ్యాకరణమును వ్రాయుటకు బేకస్ 1959లో ఒక పద్ధతిని ఏర్పఱచెను. అది పాణిని పద్ధతిని పోలియున్నదనియు, దానికి పాణిని పేరును చేర్చదగుననియు 1967లో ఒక అమెరికా పత్రికలో సూచన వెలువడినది. దీనినిబట్టి పాణిని కంప్యూటరును కనుగొనెనని చెప్పుట అతిశయోక్తి. సందేహములేని మాట చెప్పవలెనని శ్రమపడినవారు ఏ దేశములోనైనను ఒకే త్రోవకు వచ్చిరని చెప్పుట సత్యము.

ఇక పనిముట్లు. వడ్రంగికి బాడిసె, ఉలి, చిత్రిక ఉన్నట్లే ప్రోగ్రాములు వ్రాయువానికిని పనిముట్లు కలవు. వ్రాయుటకు ఒక పలక. వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చుటకు ఒక అనువాదిని. సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుటకు పరీక్షలు. వీనికి తోడు మార్పుల పద్దు. ఈ చివరిదానిని గూర్చి ఒక మాట చెప్పవలెను. పదిమంది కలిసి ఒకే ప్రోగ్రామును వ్రాయుచున్నప్పుడు, ఎవరు, ఏనాడు, ఏ పంక్తిని, ఏ కారణముచేత మార్చిరో తెలియకపోయినచో పని చెడును. ఇందుకై 2005వ సంవత్సరమున ఫిన్లాండు దేశీయుడగు లైనస్ టోర్వాల్డ్స్ ‘గిట్’ అను సాధనమును నిర్మించెను. ప్రతి మార్పును అది పద్దులో నెక్కించును. మార్పు చెడ్డదని తేలినచో వెనుకటి పాఠమునకు మరల వచ్చును.

బ్రౌన్ దొర కడపలో తన బంగళాయందు పండితులను నియమించి, ఊరూరినుండి తెప్పించిన తాళపత్రప్రతులను ప్రక్కప్రక్కన పెట్టించి, పాఠాంతరములను గుర్తింపజేసిన సంగతి మీలో పెక్కురెఱుగుదురు. 1829లో ఆయన వేమన పద్యములను అచ్చువేయించెను. లేఖకుడు నిద్రమత్తులో వ్రాసిన తప్పు నూఱేండ్లు ప్రతినుండి ప్రతికి ప్రాకిపోవును. ఎక్కడ పుట్టినదో చెప్పువాడు లేడు. గిట్ చేయుపని యదియే: ప్రతి పాఠాంతరమునకును లేఖకుని పేరును, తేదీని ముడివేయుట. కొత్త యంత్రములు వచ్చిన తరువాత ఈ పాతపనిముట్టు విలువ తగ్గలేదు, పెరిగినది. ఎందుచేతనో ముందు చెప్పెదను.

కొత్తయంత్రమేమి చేయునో తెలియుటకు అవధానసభను తలచుకొనుడు. నిషిద్ధాక్షరి అను అంశములో, అవధాని యొక అక్షరము చెప్పగానే పృచ్ఛకుడు తరువాత రాదగిన అక్షరము నూహించి దానిని నిషేధించును. ఆతడెట్లు ఊహింపగలిగెను? అవధాని మనస్సులో దూరి చూడలేదు గదా! వేలకొలది పద్యములు చదివియుండుటచేత, ఈ ఛందస్సులో, ఈ సందర్భమున, ఈ యక్షరము వెనుక ఏది వచ్చునో ఆతనికి తోచును. భాషాయంత్రము చేయుపనియు నిట్టిదే. మనుష్యులు వ్రాసిన అపారమైన గ్రంథరాశిని దానికి చూపి, ఇంతవఱకు వచ్చిన మాటలనుబట్టి తరువాత రాదగిన తునుకను ఊహించుట నేర్పిరి. పృచ్ఛకుడు తానూహించిన అక్షరమును నిషేధించును. యంత్రము తానూహించిన తునుకను వ్రాసి, మఱల దాని వెనుకటి తునుకను ఊహించుచు ముందుకు సాగును. 2017వ సంవత్సరమున గూగుల్ సంస్థవారి పరిశోధకులు ఎనమండుగురు ప్రకటించిన ‘ట్రాన్స్‌ఫార్మర్’ అను నిర్మాణము దీనికి మూలము. ఆ యెనమండుగురిలో ఆశిష్ వాస్వాని, నికీ పర్మార్ అను భారతీయులిద్దఱు కలరు.

ప్రోగ్రాములును వ్రాతలే గనుక అవియు ఆ గ్రంథరాశిలో చేరెను. 2021 జూన్‌లో గిట్‌హబ్ సంస్థవారు ‘కోపైలట్’ అను సాధనమును చూపిరి. వ్రాయువాడు ఒక పంక్తి మొదలిడగానే తరువాతి పంక్తులను అది అందించును. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ వెలువడినది. అప్పటినుండి, కావలసిన ప్రోగ్రామును మామూలు మాటలలో అడిగి తెచ్చుకొనుట జనసామాన్యమునకు సాధ్యమైనది. తరువాతి రెండుమూడేండ్లలో మఱియొక మెట్టు ఎక్కినది. పంక్తులనందించుటతో ఆగక, యంత్రమే ఉన్న ప్రోగ్రామునంతయు చదివి, మార్పుచేసి, పరీక్షలు నడిపి, తప్పు వచ్చినచో దిద్దుకొని, తుదకు ఇదిగో పని ముగిసినదని చెప్పును. వీనిని ‘ఏజెంట్లు’ అనుచున్నారు. మన మాటలో కార్యకర్తలనవచ్చును. 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కర్పతీ అను శాస్త్రజ్ఞుడు ‘వైబ్ కోడింగ్’ అను మాటను పుట్టించెను. యంత్రము వ్రాసినదానిని చదువకయే అంగీకరించుచు, తోచినట్లు చెప్పుకొనుచు పోవుట అని దాని భావము. వారాంతమున వినోదముగా చేసి పాఱవేయు పనులకు ఇది చెల్లునని ఆయనయే చెప్పెను. లోకులు మాటను పట్టుకొని, షరతును విడిచిపెట్టిరి.

ఈ యంత్రమును ఇతర కార్యములకు వినియోగించు యాప్‌లను నిర్మించుట నేడొక గొప్ప వృత్తియైనది. పి.ఎం. కిసాన్ పథకము క్రింద రైతుకు ఏటేట 6,000 రూపాయలు మూడు విడతలుగా వచ్చుచున్నవి గదా! ఆ విడత యెందుకు రాలేదో రైతు తన భాషలో అడిగి తెలిసికొనుటకై, కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరులో ‘కిసాన్ ఈ-మిత్ర’ అను సమాధానయంత్రమును ప్రారంభించినది. ఇట్టిదానిని కట్టుటలో మూడు పనులు ముఖ్యము.

మొదటిది ఆధారము. భాషాయంత్రము ఎంత చదివినదైనను మీ ఊరి అడంగలుగాని, నిన్న వెలువడిన ప్రభుత్వపు ఉత్తరువుగాని దానికి తెలియదు. కావున రైతు ప్రశ్న రాగానే, ప్రోగ్రాము ముందుగా సంబంధించిన కాగితములను వెదకి తెచ్చి యంత్రము ముందుంచి, దీనిని చూచి చెప్పుమని యాజ్ఞాపించును. ప్లీడరు నోరు విప్పకమునుపు గుమాస్తా దస్తావేజులు అందించుటవంటిది ఇది. దస్తావేజు పాతదైనచో వాదన యెంత సొగసైనను కేసు నిలువదు.

రెండవది చేతులు. సమాధానము చెప్పుటయే గాక, పద్దు తెఱచి చూచుట, అర్జీ నమోదుచేయుట యంత్రము చేయవలెనన్నచో, ఆ కచేరీ పద్దులతో దానికి సంబంధము కల్పింపవలెను. కుంచములు, మానికలు ఊరికొకతీరుగా నున్నప్పుడు బేరమెంత చిక్కుగా నుండెనో పెద్దలెఱుగుదురు. ఇందులోను అట్టి చిక్కే యుండెను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థవారు ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అను ఉమ్మడి పద్ధతిని ప్రకటించిరి. తరువాత ఇతర సంస్థలును దానిని స్వీకరించినవి. ఏ యంత్రమైనను, ఏ పద్దైనను ఆ యొక్క కొలతతో పొసగవచ్చును.

మూడవది పరీక్ష. జవాబులు ముందే తెలిసిన ప్రశ్నలను కొన్ని వందలు కూర్చుకొని, యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినను వానినన్నిటిని మఱల అడిగి చూడవలెను. ఉపాధ్యాయునికి ప్రశ్నపత్రము కూర్చుట యెంత పనియో, వీరికి నంత పని. ఆ ప్రశ్నలలో తెలుగు రైతు మాటతీరు ఉండవలెను. కడపజిల్లా రైతు అడుగు తీరు వేఱు, కరీంనగరు రైతు అడుగు తీరు వేఱు.

మన భాషకు ఇందొక ప్రత్యేకమైన చిక్కు కలదు. యంత్రము వాక్యమును తునుకలుగా చేసి చదువునని చెప్పితిని. ఆ తునుకల లెక్కమీదనే కూలి లెక్కింతురు. ఇంగ్లీషు మాట పెక్కుమార్లు ఒకే తునుకగా నిలుచును. తెలుగుమాట ముక్కముక్కలుగా చెదరిపోవును. అందుచేత ఒకే భావమునకు తెలుగువాడు ఎక్కువ సొమ్ము చెల్లించి, ఎక్కువసేపు వేచియుండవలసి వచ్చెను. 2024 మే నెలలో ఓపెన్ఏఐ సంస్థవారు తమ కొత్తయంత్రమునందు ఈ తునుకల పద్ధతిని మార్చినప్పుడు, తామిచ్చిన ఉదాహరణ వాక్యమున తెలుగు తునుకలు సుమారు మూడున్నర రెట్లు తగ్గినవని ప్రకటించిరి. అనగా అంతవఱకు మనము మోసిన భారములో చాలవఱకు భాషాదోషముగాక, పనిముట్టు దోషమని తేలినది. అడిగినచో పనిముట్లు బాగుపడునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఈ యంత్రముల లోపములు. అనుగ్రహించి శ్రద్ధగా వినుడు.

2023లో న్యూయార్కు నగరమున ఒక విమానసంస్థపై దావా నడుచుచుండెను. వాది పక్షపు న్యాయవాదులు పూర్వపు తీర్పులను ఉదాహరించుచు న్యాయస్థానమునకు పత్రము సమర్పించిరి. ఆ తీర్పులలో కొన్ని ఎన్నడును వెలువడనివి. చాట్‌జీపీటీ కల్పించి యిచ్చినవి. న్యాయస్థానము 5,000 డాలర్ల జరిమానా విధించెను. యంత్రము అబద్ధమాడవలెనని ఆడలేదు. తీర్పువలె నుండు మాటలను ఊహించుట దాని స్వభావము. నిజమైన తీర్పునకును, తీర్పువలె నున్నదానికిని భేదము చూడవలసినది సంతకము పెట్టినవాడు. శిక్ష పడినదియు ఆతనికే.

2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి యంత్రకార్యకర్తచేత ప్రోగ్రాము వ్రాయించుచు, ఇక మార్పులేవియు చేయవలదని ఆజ్ఞాపించెను. అయినను ఆ యంత్రము నడుచుచున్న పద్దునే తుడిచివేసినది. తుడిచినదానిని మఱల తెచ్చుటకు వీలులేదనియు చెప్పినది. ఆ మాటయు తప్పే. పద్దు మఱల లభించినది. మార్పుల పద్దునకు విలువ పెరిగినదని ఇంతకుముందు చెప్పుటకు కారణమిదియే. చేయువాడు వేగవంతుడైనకొలదిని వెనుకకు మరలు త్రోవ పదిలముగా నుండవలెను.

అదే సంవత్సరమున ఒక పరిశోధనసంస్థ, అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రాము రచయితలకు 246 పనులు అప్పగించి, కొన్నిటిని యంత్రసహాయముతోను, కొన్నిటిని యంత్రసహాయము లేకయు చేయించినది. యంత్రసహాయముతో తమ వేగము నూటికి ఇరువది వంతులు పెరిగినదని వారు తలచిరి. గడియారము చూడగా, నూటికి 19 వంతులు ఎక్కువ కాలము పట్టినది. ఆ రచయితలు తమకు చిరపరిచితమైన పెద్ద ప్రోగ్రాములమీద పనిచేసినవారు. ఆ యంత్రములు 2025 ఆరంభమునాటివి. తరువాత యంత్రములు మెఱుగుపడినవి. కావున యంత్రము పనికిరాదని దీనివలన సిద్ధాంతము చేయరాదు. వేగముగా సాగుచున్నామను భావన వేఱు, వేగము వేఱు అని మాత్రము గ్రహింపవలెను.

పరీక్షకుడుగూడ యంత్రమే యైనచో నేమగును? 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ సంస్థవారు పంపిన ఒక దోషపూరితమైన మార్పువలన లోకమంతట సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమునందుగూడ ప్రయాణికులకు చీట్లను చేతితో వ్రాసి యిచ్చిరి. దీనికి కృత్రిమ మేధ కారణము కాదు. ఆ మార్పును పంపకముందు పరీక్షించుటకు ఒక ప్రోగ్రాము ఉండెను. దోషము ఆ పరీక్షించు ప్రోగ్రాములోనే యుండెను. పరీక్షకుని పరీక్షించువాడెవడు? ఎక్కడనో ఒకచోట మనుష్యుడు నిలువక తప్పదు.

చెప్పుటలోని కష్టమును మన పూర్వులు వృత్రాసురుని కథలో చూపిరి. త్వష్ట ఇంద్రుని చంపు కుమారుని కోరి హోమము చేసెను. ఇంద్రునకు శత్రువగువాడు వర్ధిల్లుగాక అని ఆతని యుద్దేశము. స్వరము తప్పి పలుకుటచే తత్పురుష సమాసము బహువ్రీహియై, ఇంద్రుడే శత్రువుగా గలవాడు అని యర్థము వచ్చెను. పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే మడిసెను. మంత్రము ఫలించినది, కోరిక ఫలింపలేదు. వ్యాకరణము చదువుటకు ప్రయోజనమేమని అడిగినవారికి పతంజలి తన మహాభాష్యములో ఈ కథనే చూపెను. నేడు యంత్రమునకు పని చెప్పువాడు త్వష్ట స్థానమున నున్నాడు. మామూలు మాటలలో చెప్పిన చాలునన్న మాట నిజమే గాని, మామూలు మాటలలో నిర్దుష్టముగా చెప్పుట మామూలు పని కాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తును: మన బిడ్డల గతి యేమి? 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సంస్థవారు తమ ఉద్యోగులలో నూటికి సుమారు ఇద్దఱిని, అనగా 12,000 మందికి పైగా, తొలగింతుమని ప్రకటించిరి. యంత్రము పని తీసికొనుటచేత గాదు, నైపుణ్యములు పొసగకపోవుటచేతనని వారు కారణము చెప్పిరి. కారణమేదైనను పల్లెలో తండ్రికి నిద్ర పట్టదు. ఫోర్ట్రాన్ కథను చెప్పి మీకు ధైర్యము కలిగింపవచ్చును: వ్రాయుట సులభమైనప్పుడు పని తగ్గలేదు, పెరిగినది. కాని వెనుకటివలెనే ముందును జరుగునని ప్రతిజ్ఞ చేయుటకు ఎవరికిని అధికారము లేదు.

నన్ను కలవరపెట్టుచున్నది వేఱొక సంగతి. పరీక్షించువాడు మనుష్యుడే కావలెనంటిమి. ఆ పరీక్షకుడెక్కడ తయారగును? పండితుడు పుట్టుకతో పరిష్కర్త కాలేదు. చిన్ననాడు గురువు చెప్పినది వ్రాసి, తప్పులు చేసి, దిద్దించుకొని, మఱల వ్రాసి, పదేండ్లకు ఇతరుల తప్పు చూడగానే కనిపెట్టు చూపు సంపాదించెను. సాఫ్ట్‌వేరు సంస్థలలోను కొత్తగా చేరిన కుఱ్ఱవాడు చిన్నచిన్న ప్రోగ్రాములు వ్రాసి, పెద్దలచేత దిద్దించుకొని, కొన్నియేండ్లకు తానును దిద్దువాడగుచుండెను. ఆ చిన్నపనులే యంత్రము మొదట అందుకొనినవి. చౌకయని కుఱ్ఱవానిని మాని యంత్రమునే నియమించినచో, ఈనాటి లెక్కకు లాభము కనబడును. పదేండ్ల తరువాత దిద్దువాడు కావలసివచ్చును, దొరకడు. విత్తనపుగింజలు వండుకొని తినిన ఇంటిలో ఆ పూటకు ఆకలి తీరును. తొలకరి వచ్చినప్పుడు తెలియును.

కుఱ్ఱవాండ్రవైపునను ఈ దోషమే కలదు. జవాబుల పుస్తకము ప్రక్కన పెట్టుకొని లెక్కలు చేయు విద్యార్థికి ప్రతి లెక్కయు వచ్చినట్లే యుండును. ఇంజనీరింగు కళాశాలలో చదువు బిడ్డ యంత్రముచేత వ్రాయించిన ప్రోగ్రామును తనదిగా చూపినచో మార్కులు వచ్చును, చూపు రాదు. మీ మనుమడు ఇంటికి వచ్చినప్పుడు ఉద్యోగము నిలుచునా అని యడుగవలదు; అది ఆతని చేతిలో లేదు. నీవు పంపుచున్న ప్రోగ్రాములోని ప్రతి పంక్తియు ఎందుకున్నదో చెప్పగలవా అని యడుగుడు. అది ఆతని చేతిలోనే యున్నది. చెప్పగలిగినవానికి యంత్రము సేవకుడు. చెప్పలేనివాడు యంత్రమునకు సంతకము పెట్టు గుమాస్తా.

పెద్దలకును ఇందు పని కలదు. కచేరీ పనులు ఫోనులోనికి వచ్చుచున్నవి. ఆంధ్రప్రదేశమున 2025 జనవరి 30వ తేదీన ‘మన మిత్ర’ అను పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించిరి. ఇట్టివానిలో మాటలాడు యంత్రముల పాత్ర నానాటికి పెరుగును. యంత్రము మీకొక సమాధానము చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు మఱువకుడు. ఏ ఉత్తరువునుబట్టి చెప్పుచున్నది? ఆ ఉత్తరువు తేదీ యేది? సమాధానము తప్పని తోచినచో ఏ యధికారితో మొఱపెట్టుకొనవలెను? ఈ మూడింటికి బదులులేని యాప్ ఎంత తియ్యగా మాటలాడినను అసంపూర్ణము. పొలము హద్దులు, నీటివంతులు, వారసత్వపు చిక్కులు మీకు తెలిసినంతగా ఏ పట్టణపు ఇంజనీరుకును తెలియవు. ఆతడు ప్రశ్నపత్రము కూర్చుకొనుటకు మీ దగ్గఱకు వచ్చినచో విసుగుకొనక, మీ యూరి చిక్కులను ఒక్కొక్కటిగా, మీ మాటలలోనే విడమఱచి చెప్పుడు. రాకపోయినచో మీ బిడ్డల ద్వారా చెప్పిపంపుడు. రామయ్యకు నిన్న అరువది నిండినదను సంగతి ఊరివారికి తెలిసినట్లు యంత్రమునకు తెలియదు.

వ్రాయుట యంత్రమునకు వచ్చినది. కావలసినదేమో తెలిసి చెప్పుటయు, వచ్చినదానిని చదివి నిగ్గుదేల్చుటయు, తప్పయినచో నాదని నిలుచుటయు మనుష్యునకే మిగిలియున్నవి. ఈ మూడును నేర్పని చదువు ఎంత ఖరీదైనను చదువు కాదు. వీనిని నేర్చినవానికి పనిముట్టు మాఱినను పని యుండును.